పెట్టె మారిన క్యాసెట్టు

రామచంద్రపురం బస్టాండు వెనక సందులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే అబ్బులు, ఎవరు ఏ సినిమా చూడాలో వాళ్లకంటే తనకే బాగా తెలుసన్న పొగరుతో ఉండేవాడు.

ఆ పొగరు ఊరికే రాలేదు. అతని కొట్టు పేరు మాణిక్యాంబా వీడియో లైబ్రరీ. అప్పటికి పన్నెండేళ్లుగా నడుస్తోంది. మూడు గోడలకీ కింద నుంచి పైదాకా చెక్క అరలు, వాటి నిండా రెండు వేలకు పైగా క్యాసెట్లు ఉండేవి. జాబితా అంటూ ఒక్క కాగితం ఉండేది కాదు. ఫలానా సినిమా అంటే చాలు, అబ్బులు చెయ్యి వెనక్కి వెళ్లి, అతను చూడకుండానే ఆ క్యాసెట్టు తీసేది. వానాకాలంలో టేపుకి బూజు పడితే ఒక్కోటీ విప్పి, దూదిని స్పిరిట్‌లో ముంచి, ఓపిగ్గా తుడిచి మళ్లీ బిగించేవాడు. ఊళ్లో పెళ్లిళ్లకు కెమెరా భుజాన వేసుకెళ్లి వీడియో తీసేది కూడా అతనే. ఏ ఇంట్లో పెద్దాయనకు గుండె జబ్బో, ఏ ఇంట్లో అత్తాకోడళ్లకు పడదో అన్నీ అతనికి తెలుసు. దాన్నిబట్టే సినిమా ఇచ్చేవాడు.

ఇవ్వడం వరకూ బాగానే ఉండేది. ఇచ్చే ముందు అతను అనే మాటలతోనే వచ్చేది చిక్కు. రైసుమిల్లు కామిరెడ్డిగారు ఒకసారి హిందీ సినిమా అడిగితే, "మీకు హిందీ ఎక్కడొచ్చండీ బాబూ? కిందటిసారి సగంలోనే గుర్రు పెట్టేశారంట కదా, మీ డ్రైవరు చెప్పాడు" అన్నాడు. బెంచీ మీద కూర్చున్న నలుగురూ పగలబడి నవ్వారు. కామిరెడ్డిగారు అబ్బులు ఇచ్చిన తెలుగు సినిమానే పట్టుకెళ్లారు. కాంపౌండరు జోగారావు ప్రేమ సినిమా అడిగితే, "ఇద్దరు పిల్లల తండ్రివి, ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తావయ్యా?" అన్నాడు. జోగారావు కూడా తల వంచుకుని వెళ్లాడు. ఊళ్లో ఇంకో రెండు లైబ్రరీలు ఉన్నాయి గానీ, వాటిల్లో టేపులు గీతలు పడి ఉండేవి. అందుకని అందరూ అబ్బులు మాటలు పడేవారు. పడుతున్నారు కాబట్టి తను అన్నవన్నీ నిజమేనని అబ్బులు అనుకునేవాడు.

ఆ కొట్టు వల్ల ఊరికి ఒక చెడ్డ అలవాటు కూడా అయింది. చూసిన క్యాసెట్టు తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరూ పెట్టె చూసుకునేవారు కాదు. చేతికి ఏ పెట్టె అందితే ఆ పెట్టెలో క్యాసెట్టు పడేసి పట్టుకొచ్చేవారు. "పెట్టె మారితే అబ్బులు చూసుకుంటాడులే" అన్నది ఇంటింటి మాట. నిజంగానే అతను చూసుకునేవాడు. వచ్చిన ప్రతి పెట్టెనూ తెరిచి, లోపల ఏముందో చూసి, "మీ అబ్బాయి బారసాల నాకెందుకండీ? పట్టుకెళ్లి మా సినిమా పట్టుకురండి" అని నాలుగు మాటలు అని పంపేవాడు. ఆ ఊళ్లో తప్పిపోయి ఇల్లు చేరని క్యాసెట్టు ఒక్కటి కూడా లేదు.

ఒక రోజు వరహాలమ్మ కొట్టుకు వచ్చింది. సన్నాయి గవర్రాజు భార్య ఆవిడ. గవర్రాజు చనిపోయి మూడేళ్లు దాటింది. ఆయన బతికున్నన్నాళ్లూ చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా ఆయన సన్నాయి వినబడాల్సిందే. వరహాలమ్మ పక్కింటివాళ్ల టీవీలో అప్పుడప్పుడూ సినిమా వేయించుకుని చూసేది.

"అబ్బులు బాబూ, బాగా కొట్టుకునే సినిమా ఒకటియ్యి" అంది.

అబ్బులు ఎగాదిగా చూశాడు. "కొట్టుకునేదా? మామ్మగారండీ, అరవై దాటాక మీకు ఫైటింగులేంటండీ? ఎవరి మీదకి యుద్ధానికి బయల్దేరారు? ఇదుగో, భక్తి సినిమా. ఇది చూసుకుని కృష్ణా రామా అనుకోండి" అన్నాడు.

బెంచీ మీదవాళ్లు గొల్లున నవ్వారు. వరహాలమ్మ ముఖం చిన్నబోయింది. "నీ సినిమా నువ్వే చూసుకో బాబూ" అని వెళ్లిపోయింది. అలా అబ్బులు ఇచ్చింది తీసుకోకుండా వెళ్లిన మొదటి మనిషి ఆవిడే. అతను అది కూడా పట్టించుకోలేదు.

ఆ నెలలోనే మెయిన్ రోడ్డు మీద జిగేల్ వీడియో తెరిచారు.

అది హైదరాబాదు కంపెనీ. ఊరూరా ఒకే రకం కొట్లు, ఒకే రకం బోర్డు, లోపలున్న కుర్రాళ్లకు ఒకే రకం చొక్కా. అద్దాల తలుపు తోస్తే చల్లటి గాలి ముఖానికి కొట్టేది. కొత్త సినిమా ఏదైనా ఇరవై కాపీలు వరసగా పెట్టేవారు. అబ్బులు దగ్గర ఒక్క కాపీ కోసం వారం ఆగాల్సి వచ్చేది, ఇక్కడ ఆ బాధే లేదు. నచ్చింది చేత్తో తీసుకుని, కార్డు చూపించి వెళ్లిపోవడమే. తిరిగి ఇవ్వడం ఇంకా సుళువు. బయట గోడకు ఒక కంత ఉండేది. అందులో పెట్టె జారవిడిస్తే లోపల బుట్టలో పడేది. లోపలికి వెళ్లక్కర్లేదు, ఎవరి ముఖమూ చూడక్కర్లేదు.

అన్నింటికన్నా పెద్ద సుఖం ఏమిటంటే, అక్కడ ఎవరూ ఏమీ అనేవారు కాదు. కామిరెడ్డిగారు వెళ్లిన రోజునే మూడు హిందీ సినిమాలు తీసుకున్నారు. కౌంటరులో కుర్రాడు నవ్వి, "థాంక్యూ సార్" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే కామిరెడ్డిగారు మర్నాడు మళ్లీ వెళ్లారు. జోగారావు వెళ్లాడు. వరహాలమ్మ అయితే పది ఫైటింగు సినిమాలు వరసబెట్టి చూసేసింది.

అబ్బులు మొదట్లో వెక్కిరించాడు. "అద్దాలు నాకి తిరిగొచ్చేస్తారండీ రెండు నెలల్లో" అనేవాడు బెంచీ మీదవాళ్లతో. రెండు నెలలకు బెంచీయే ఖాళీ అయింది. ఆరు నెలలకు మిగతా రెండు లైబ్రరీలూ మూసేశారు. ఒకటి చెప్పుల కొట్టయింది, రెండోది టిఫిను హోటలయింది. పోటీ లేకుండా పోయాక జిగేల్‌వాళ్లు నెమ్మదిగా తీరు మార్చారు. మూడు రోజులు ఉంచుకోనిచ్చే క్యాసెట్టును ఒక్కరోజుకు తగ్గించారు. పాత సినిమాలు అరల్లోంచి తీసేశారు. "పాతవి కదలవండీ, హెడ్డాఫీసు పంపదు" అన్నారు. జనం గొణుక్కున్నారు గానీ, అబ్బులు సందులోకి మాత్రం తిరిగి రాలేదు.

"వాళ్లకి నా విలువ తెలీటం లేదు" అన్నాడు అబ్బులు ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర.

అతని భార్య అమ్మాజీ పప్పు వడ్డిస్తూ, "మీ విలువ అందరికీ తెలుసు. దాంతోపాటు మీ నోరు కూడా తెలుసు. ఆ జిగేల్‌వోడొచ్చి మన కొట్టు ఖాళీ చేయించలేదండీ. మీ నోటికి భయపడి ఊరు పారిపోయింది, వాడు తలుపు తీసి పెట్టాడంతే" అంది.

అబ్బులు కంచం ముందునుంచి లేచిపోయాడు. అమ్మాజీ ఆపలేదు.

ఆ తర్వాత వారం జిగేల్ మేనేజరు ఫణీంద్ర సందులోకి వచ్చాడు. పాతికేళ్లవాడు, టై కట్టుకున్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. "సార్, మీరు నిలబడలేరు. మీ క్యాసెట్లన్నీ మేం తీసుకుంటాం. తుడిచేసి ఖాళీవిగా వాడుకుంటాం. మీ వీసీఆర్లు రెండూ, కెమెరా కూడా ఇచ్చేయండి. బోర్డు దించేస్తే మీకు మా దగ్గర ఉద్యోగం ఇస్తాం. సోమవారం వ్యాను వేసుకుని వస్తాను. ఈలోగా సంతకం పెట్టి ఉంచండి" అని కాగితం ఇచ్చాడు.

అబ్బులుకి తలకొట్టేసినట్టయింది. కాని కాగితం చింపలేకపోయాడు. కౌంటరు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన స్పిరిట్ సీసా పెట్టాడు. నాలుగు రోజులుగా ఆ సీసాతో వేరే పనే పడలేదు. రెండు వేల క్యాసెట్లను తుడిచేస్తారన్న మాట అతన్ని ముల్లులా గుచ్చుతోంది. అయినా గురువారం నాటికి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వరహాలమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. చెమటలు కారుతున్నాయి. నోట మాట సరిగ్గా రావడంలేదు.

"బాబూ, మా ఆయన పోయాడు" అంది.

అబ్బులు అదిరిపడ్డాడు. నాలుగేళ్ల కిందట పోయిన మనిషి మళ్లీ పోవడమేమిటి? ఆవిణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. అప్పుడు చెప్పింది.

గవర్రాజు తన సొంత కూతురి పెళ్లికి తనే సన్నాయి ఊదాడు. పెళ్లికూతురి తండ్రి పీటల మీద కూర్చోవాలి గానీ మేళంలో కూర్చుంటాడా అని అందరూ అన్నారు. "నా బిడ్డకి ఇంకొకడు ఊదితే నేనుండి ఎందుకు?" అని ఆయన వినలేదు. పీటల మీద పని తమ్ముడికి అప్పగించి, గంటసేపు ఆపకుండా ఊదాడు. ఆ పెళ్లి వీడియో తీసింది అబ్బులే. ఆ ఏడాది తిరక్కుండానే గవర్రాజు పోయాడు. ఏటా ఆబ్దికం రోజున వరహాలమ్మ పక్కింటి టీవీలో ఆ క్యాసెట్టు పెట్టించుకుని వినేది. ఇంట్లో ఆయన ఫోటోలు రెండున్నాయి గానీ, ఆయన ఊపిరి ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టులోనే.

మంగళవారం ఆబ్దికం అయింది. క్యాసెట్టు చూసి తీసి బల్ల మీద పెట్టింది. పక్కనే జిగేల్‌వాళ్ల ఫైటింగు సినిమా ఖాళీ పెట్టె ఉంది. తర్వాత పక్కింటివాళ్లు వేసుకున్న ఆ సినిమా వీసీఆర్లోనే ఉండిపోయింది. ఊరందరికీ ఉన్న అలవాటే ఆవిడకీ ఉంది. చేతికి అందిన పెట్టెలో చేతికి అందిన క్యాసెట్టు పెట్టింది. బుధవారం పొద్దున్న మెయిన్ రోడ్డుకి వెళ్లి గోడ కంతలో వేసేసింది.

"నా చేతుల్తో నేనే వేశాను బాబూ. టప్పుమని పడింది. ఆ చప్పుడు ఇంకా ఇనబడతానే ఉంది" అంది వరహాలమ్మ. "ఇయ్యాళ పక్కింటమ్మాయి ఆ సినిమా తెచ్చి, ఇదింకా మా వీసీఆర్లోనే ఉందేంటి మామ్మా అని అడిగింది. అప్పుడు తెలిసింది."

అబ్బులు నోట్లోకి ఒక మాట వచ్చింది. 'నా దగ్గరే తీసుకుని ఉంటే ఇలా జరిగేదా?' అన్న మాట అది. ఆవిడ తన దగ్గర ఎందుకు తీసుకోలేదో వెంటనే గుర్తుకొచ్చింది. ఆ మాట మింగేశాడు. పన్నెండేళ్లలో అతను మింగిన మొదటి మాట అదే.

ఇద్దరూ జిగేల్ కొట్టుకు వెళ్లారు. ఫణీంద్ర కంప్యూటరులో చూశాడు. "మీ సినిమా తిరిగి ఇచ్చినట్టే ఉందమ్మా. బుధవారం వచ్చింది. మీ పేరు మీద ఏమీ లేదు" అన్నాడు.

"సినిమా రాలేదండీ, పెట్టె ఒక్కటే వచ్చింది. లోపల ఈవిడ క్యాసెట్టు ఉంది. సినిమా ఇదుగో, ఈవిడ చేతిలోనే ఉంది" అన్నాడు అబ్బులు.

"పెట్టె మీద నంబరే మాకు లెక్క సార్. ఇక్కడ లోపల చూసే పద్ధతి లేదు. ఆ సినిమా మీరే ఉంచుకోండమ్మా, మా దగ్గర ఇంకా పంతొమ్మిది ఉన్నాయి."

వరహాలమ్మ అతని ముఖంలోకి చూసి, "నాకు పంతొమ్మిది లేవు బాబూ" అంది.

ఫణీంద్ర తల దించుకున్నాడు. కంతలో పడినవన్నీ సరిచూసి సర్దడానికి ఆ ఉదయమే వ్యానులో రాజమండ్రి గొడౌనుకు వెళ్లిపోయాయని చెప్పి, చిరునామా రాసి ఇచ్చాడు. మర్నాడు తెల్లవారగానే అబ్బులు ఆవిణ్ని తీసుకుని రాజమండ్రి బస్సెక్కాడు. దారిపొడుగునా ఆవిడ ఆ సినిమా క్యాసెట్టు ఒళ్లో పెట్టుకునే ఉంది. ఇది ఇస్తే అది ఇస్తారని ఆవిడ ఆశ.

గొడౌనులో చుట్టుపక్కల ఇరవై ఊళ్ల క్యాసెట్లు గుట్టలుగా పోసి ఉన్నాయి. అక్కడ పనిచేసే మనిషి ఒక మూలకు చెయ్యి చూపించాడు. "సినిమా పేరు లేని క్యాసెట్టు వస్తే అయస్కాంతం మిషనులో పెట్టి తుడిచేయమన్నారండి. తుడిచినవన్నీ ఆ అట్టపెట్టెలో ఉంటాయి" అన్నాడు.

అబ్బులు ఆ అట్టపెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని వెతికాడు. ఎక్కువసేపు పట్టలేదు. మూల విరిగిన నల్ల క్యాసెట్టు, దాని మీద తన చేత్తో అంటించిన పసుపురంగు కాగితం ముక్క. వెయ్యి క్యాసెట్లలో ఉన్నా అతను దాన్ని గుర్తుపడతాడు. అక్కడున్న టీవీలో పెట్టించాడు. తెర నిండా తెల్లచుక్కలు వచ్చాయి. బుసబుసమని చప్పుడు వచ్చింది. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. చుక్కలే.

వరహాలమ్మ టీవీకి దగ్గరగా జరిగి చెవి పెట్టింది. "కొంచెం సౌండు పెంచు బాబూ, మెల్లిగా ఊదుతున్నాడేమో" అంది.

అబ్బులు సౌండు పెంచాడు. ఆవిడ విన్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. తర్వాత ఆవిడే, "ఇంక ఆపెయ్యి" అంది. అబ్బులుకి దుఃఖం ఆగలేదు. గొడౌను బయటికి వచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాడు.

తిరుగు బస్సులో అతనికి కోపం వచ్చింది. ముందు జిగేల్‌వాళ్ల మీద వచ్చింది. పెట్టె తెరిచి చూడని కొట్టు కూడా ఒక కొట్టేనా అనుకున్నాడు. తర్వాత ఆ కోపం తన మీదకు తిరిగింది. ఈవిణ్ని ఆ కంత దగ్గరికి తోలిందెవరు? నలుగురి ముందు నవ్వులపాలు చేసిందెవరు? దారిలో ఒక ఊళ్లో బస్సు ఆగింది. గుడి ముందు ఎవరిదో పెళ్లి బృందం దిగుతోంది, మేళం వాళ్లు డోలు సర్దుకుంటున్నారు. అబ్బులు వాళ్లనే చూస్తూ ఉండిపోయాడు. ఉన్నట్టుండి సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

"మామ్మగారండీ! గవర్రాజుగారు మీ అమ్మాయి పెళ్లికొక్కదానికే ఊదారా ఏంటండీ? ఊరందరి పెళ్లిళ్లకీ ఆయనే కదండీ! ఆ పెళ్లిళ్లన్నీ తీసింది నేనే కదండీ!"

అతనికి ఒక్కొక్కటే కళ్ల ముందు కనబడసాగాయి. కామిరెడ్డిగారి అబ్బాయి పెళ్లిలో గవర్రాజు తలుపు పక్కన కూర్చున్నాడు, మంగళసూత్రం కట్టేటప్పుడు కెమెరా అటు తిరిగింది. జోగారావు చెల్లెలి పెళ్లిలో వాన వచ్చి అందరూ లేచిపోతే ఆయన ఒక్కడూ అరుగు మీద కూర్చుని ఊదాడు. ఎన్ని పెళ్లిళ్లో! కాని ఆ రోజుల్లో అబ్బులు తన దగ్గర కాపీ ఉంచుకునేవాడు కాదు. ఉన్న ఒక్క క్యాసెట్టూ పెళ్లివారికే ఇచ్చేసేవాడు. అవన్నీ ఇప్పుడు వాళ్ల వాళ్ల ఇళ్లలో ఉన్నాయి. వెళ్లి అడగాలి. తను నోటికొచ్చినట్టు అన్నవాళ్లనే అడగాలి. అబ్బులు మళ్లీ కూర్చుండిపోయాడు.

ఇంటికి రాగానే అమ్మాజీకి అంతా చెప్పాడు. "ఏ ముఖం పెట్టుకుని అడగనే?" అన్నాడు.

"ఉన్న ముఖమే పెట్టుకుని అడగండి. ముందు తప్పయిందని చెప్పండి, తర్వాత క్యాసెట్టు అడగండి. రెండూ కలిపి గబగబా అనేసి వచ్చేయకండి" అంది అమ్మాజీ.

శనివారం పొద్దున్నే అబ్బులు మిల్లుకు వెళ్లాడు. కామిరెడ్డిగారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. తల ఎత్తి చూసి, కూర్చోమనలేదు.

"ఏం అబ్బులూ, నాకు హిందీ నేర్పుదామని వచ్చావా?"

"లేదండి. ఆ రోజు నలుగురిలో మిమ్మల్ని అలా అనాల్సింది కాదండి. తప్పయిపోయింది. చాలామందిని అన్నాను, మీతో మొదలెట్టి అందరికీ చెప్పుకుంటాను" అన్నాడు అబ్బులు.

కామిరెడ్డిగారు పేపరు మడిచారు. "కొట్టు మూతపడేలా ఉండేసరికి జ్ఞానోదయం అయిందా?"

"కొట్టు కోసం కాదండి" అని అబ్బులు వరహాలమ్మ సంగతి చెప్పాడు. గొడౌనులో ఆవిడ టీవీకి చెవి ఆనించిన సంగతి కూడా చెప్పాడు.

కామిరెడ్డిగారు కుర్చీలోంచి లేచారు. మిల్లు వెనకే ఉన్న ఇంటివైపు తిరిగి కేకేశారు. "ఏమేవ్, బాబు పెళ్లి క్యాసెట్టు తియ్యి! ఆ అప్పగింతలప్పుడు గవర్రాజు ఊదుతుంటే మగపెళ్లివాళ్లం మేం కూడా ఏడ్చాం కదూ" అన్నారు. క్యాసెట్టు చేతికిచ్చి, "డ్రైవరుని పంపుతాను. మా చుట్టాల ఇళ్లలో ఉన్నవి కూడా పట్టుకొస్తాడు. వాడికి ఊళ్లో సంగతులన్నీ నీకు చేరవేయడం బాగా అలవాటే కదా" అన్నారు.

అబ్బులు సిగ్గుతో నవ్వాడు.

జోగారావు తిట్టి మరీ ఇచ్చాడు. తిట్టనిచ్చాడు అబ్బులు. మధ్యాహ్నానికి సంగతి ఊరంతా పాకింది. ఆదివారం పొద్దుటికి సందులో జనం. ఎవరికి వాళ్లు పెళ్లి క్యాసెట్లు పట్టుకొచ్చారు. పట్టుకొచ్చిన వాటిల్లో సగం పెట్టెలు మారినవే! పెళ్లని తెచ్చిన పెట్టెలో ఓణీల ఫంక్షను, ఓణీలని తెచ్చిన పెట్టెలో ఎప్పుడో తెచ్చుకున్న జిగేల్‌వాళ్ల సినిమా. మరొకప్పుడైతే అబ్బులు ఒక్కొక్కరినీ దులిపేసేవాడు. ఆ రోజు ప్రతి పెట్టెనూ తెరిచి, "ఇది కాదండి, ఇంట్లో ఇంకొకటి ఉంటుంది, నల్లది, చూడండి" అని నెమ్మదిగా చెప్పాడు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

రెండు వీసీఆర్లూ పక్కపక్కన పెట్టి వైరుతో కలిపాడు. ఒకదాంట్లో పెళ్లి, రెండోదాంట్లో కొత్త క్యాసెట్టు. గవర్రాజు కనబడిన చోటల్లా, కనబడకపోయినా ఆయన సన్నాయి వినబడిన చోటల్లా ఆ ముక్కను కొత్తదాంట్లోకి ఎక్కించాడు. ఏ పెళ్లిలో ఏ చోటుందో అతనికి వెతకనక్కర్లేకపోయింది. కౌంటరు మీద జిగేల్‌వాళ్ల కాగితం అలాగే ఉంది. సోమవారం ఉదయానికి పదిహేడు పెళ్లిళ్లలోంచి గవర్రాజు ఒక్క క్యాసెట్టులోకి వచ్చి చేరాడు.

సోమవారం పదింటికి ఫణీంద్ర వ్యానుతో సందులోకి వచ్చాడు. వ్యాను ముందుకు పోలేదు. దారి నిండా జనం. అబ్బులు టీవీని కౌంటరు మీదకెక్కించి సందువైపు తిప్పి పెట్టాడు. ముందు బెంచీ మీద వరహాలమ్మ, ఆవిడ పక్కన అమ్మాజీ కూర్చున్నారు. తెర మీద గవర్రాజు బుగ్గలు పూరించి ఊదుతున్నాడు. ఒక పెళ్లిలో జుట్టు నల్లగా ఉంది, తర్వాతి పెళ్లిలో నెరిసింది, ఆ తర్వాత మళ్లీ నల్లగా అయింది. వాన పెళ్లి వచ్చేసరికి వరహాలమ్మ, "ఆ రోజు తడిసొచ్చి మూడు రోజులు దగ్గాడు, వద్దంటే ఇన్నాడా?" అంది. ఏడుస్తూనే నవ్వింది.

క్యాసెట్టు అయిపోయేదాకా ఫణీంద్ర కూడా నిలబడే చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "సంతకం పెట్టారా సార్?" అన్నాడు.

అబ్బులు కాగితం మీదున్న స్పిరిట్ సీసా తీశాడు. కాగితం మడిచి ఫణీంద్ర చేతిలో పెట్టాడు. "మీ వ్యాను వెనక్కి తిప్పుకోండి బాబూ. బోర్డు దిగదు" అన్నాడు.

"ఇదంతా వ్యాపారం కాదు కదా సార్. ఒక్క క్యాసెట్టు కోసం మూడు రోజులు! మీరు నష్టపోతారు."

"పోతే పోతాను. నా కొట్టులో నేనే పోతాను. మీకు ఇరవై కాపీలున్నాయి, ఏసీ ఉంది, కంప్యూటరుంది. ఉండనివ్వండి. మీ పక్కనే నేనూ ఉంటాను. తుడిచి ఖాళీ చేసుకోవడానికి నా క్యాసెట్లు మీకివ్వను. మీ హెడ్డాఫీసుకు చెప్పండి, రామచంద్రపురంలో పెట్టె తెరిచి చూసేవాడొకడున్నాడని!"

సందు సందంతా ఈలలు వేసింది. కామిరెడ్డిగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఫణీంద్రకు కోపం రాలేదు. వెళ్తూ వెళ్తూ ఆగి, "మా కొట్టుకు కూడా ఇలాంటి క్యాసెట్లు పొరపాటున వస్తే మీ దగ్గరికి పంపుతాను సార్. తుడవకుండా" అని వ్యానెక్కాడు.

జనం కదిలాక వరహాలమ్మ కొత్త క్యాసెట్టు కొంగులో చుట్టుకుంది. దాని పెట్టె మీద అబ్బులు ఎర్రసిరాతో పెద్ద అక్షరాలతో గవర్రాజు పేరు రాశాడు. గుమ్మం దాకా వెళ్లి ఆవిడ వెనక్కి తిరిగింది.

"బాబూ, బాగా కొట్టుకునే సినిమా ఒకటియ్యి" అంది.

బెంచీ మీదవాళ్లు నవ్వడానికి సిద్ధంగా నోళ్లు తెరిచి అబ్బులువైపు చూశారు. అబ్బులు నాలుక దురద పెట్టింది. కాని చెయ్యి వెనక్కి వెళ్లి ఒక క్యాసెట్టు తీసింది. "ఇది తీసుకెళ్లండి మామ్మగారండీ. చివర్లో గొడౌనులో ఫైటింగు ఉంటుంది, అదిరిపోద్ది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వరహాలమ్మ ఒక్కతే నవ్వింది.

ఆ తర్వాత జిగేల్ మూడేళ్లుంది. ఇంటింటికీ కేబులు వచ్చి, వెండి బిళ్లల్లాంటి డిస్కులు వచ్చాక, హైదరాబాదు నుంచి ఒక్క ఫోను వచ్చిందంతే, అన్ని ఊళ్లలోనూ అద్దాల తలుపులు ఒకే రోజున మూసేశారు. అబ్బులు మాత్రం ఊరివాళ్ల పాత పెళ్లి క్యాసెట్లను డిస్కుల్లోకి ఎక్కిస్తూ ఆ సందులోనే ఉన్నాడు. ఇప్పటికీ ఎవరు ఏ పెట్టె తెచ్చినా తెరిచి చూసిగానీ తీసుకోడు. ఇచ్చేటప్పుడు మాత్రం అడిగిందే ఇస్తాడు.

పిల్లలూ, పని తెలిసినవాడు ఎంత పెద్దవాడికైనా ఎదురు నిలవవచ్చు, నిలవాలి కూడా. కాని ఆ పని ఎవరికోసం చేస్తున్నాడో వాళ్లనే చులకన చేస్తే మాత్రం, అతను నిలబడడానికి చోటే ఉండదు.